పసుపు పూసిన బిళ్ళ

ఇసుకవాడ మధ్యలో బోరింగు గట్టు మీద కూర్చొని భాను ఒళ్ళో నోటుపుస్తకం తెరిచింది. పేజీకి నాలుగు చొప్పున జిరాక్సు ముక్కలు అతికించి ఉన్నాయి. ఒక్కో ముక్క మీద నలుపు తెలుపు గళ్ళ కోడు, దాని కింద ఇంటి నంబరు. సెల్లు వంచి చూపిస్తే చాలు, టింగుమని పచ్చగా వెలుగుతుంది. ఒకటో ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. టింగుమన్నప్పుడల్లా ఆమె తలెత్తి వీధి మొదలు వైపు చూస్తుంది.

చెత్త అప్పటికే ఎత్తేసింది. అరవై రెండు గుమ్మాల ముందూ బండి ఆపింది. తడి చెత్త పచ్చ డబ్బాలోకి, పొడి చెత్త నీలం డబ్బాలోకి వంచింది. ఎవరో గాజుముక్కలు కలిపేస్తే చేత్తో ఏరింది. పనిలో దొంగతనం లేదు. ఉన్న దొంగతనమంతా ఈ పుస్తకంలోనే ఉంది.

పట్టణాన్ని స్మార్ట్ చేస్తామని ప్రతి ఇంటి గుమ్మానికీ ఒక నీలం రేకు బిళ్ళ కొట్టారు. చెత్త తీశాక ఆ బిళ్ళను స్కాన్ చెయ్యాలి. చేస్తే ఆఫీసులోని పెద్ద స్క్రీను మీద ఆ ఇంటి చుక్క పచ్చగా మారుతుంది, చెయ్యకపోతే ఎర్రగా ఉండిపోతుంది. అట్లా చుక్కలు ఎర్రగా మిగిలిన ఒక్కో రోజుకు పనిమనిషికి ఒక ఎర్ర లెక్క. మూడు ఎర్రలు పడితే పనిమనిషి పేరు యాప్‌లోంచి దానంతటదే ఎగిరిపోతుంది, ఇక ఎవరిని బతిమాలినా లాభం లేదు. పోయిన నెల నాగలక్ష్మి పేరు అట్లాగే పోయింది. భానుకు రెండు ఎర్రలు పడి ఉన్నాయి.

ఆ రెండూ శ్రావణ శుక్రవారాలే. గడపకు పసుపు పూసే చెయ్యి గుమ్మానికి కొట్టిన బిళ్ళ దగ్గర ఆగలేదు. ఇసుకవాడ ఆడవాళ్ళందరూ బిళ్ళకు కూడా పసుపు పూసి మూడు బొట్లు పెట్టారు. యాప్‌కు గళ్ళు కనిపించలేదు. భాను తడిగుడ్డతో తుడవబోతే నలభై ఏడో ఇంటి జంపక్క చెయ్యి పట్టుకుంది. శుక్రవారం పూట గుమ్మం బొట్టు తుడుస్తవా బిడ్డా, నువ్వు సుత పిల్లతల్లివేనాయె, అంది. ఆ మాటకు భాను గుడ్డ వెనక్కి తీసుకుంది. తర్వాతి వారం శుభ్రంగా ఉన్నప్పుడే బిళ్ళలన్నిటికీ ఫొటోలు తీసి, బస్టాండు దగ్గర జిరాక్సు తీయించి, అన్నం మెతుకులతో అతికించుకుంది. అప్పట్నుంచి ఇసుకవాడంతా పచ్చే. సూపర్‌వైజరు అనిల్‌కుమార్ మీటింగులో అందరి ముందూ ఆమె పేరు చదివాడు. ఎట్లా చేస్తున్నావని మాత్రం అడగలేదు.

ఆ మంగళవారం జంపక్క ఎన్నడూ లేనిది బకెట్టు తానే వీధిలోకి మోసుకొచ్చింది. వెనక తలుపు దగ్గరికి వేసి ఉంది. సందులోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. బకెట్టులో ఉడికించి పారేసిన వావిలాకు, దాని కింద దోసెడు వెల్లుల్లి పొట్టు.

"మోకాళ్ళు నొస్తున్నయా పెద్దమ్మా?" అని అడిగింది భాను, ఆకు దులుపుతూ.

"అవ్ బిడ్డా. వానలకు పీకుతున్నయ్." జంపక్క బకెట్టు లాక్కున్నట్టే తీసుకొని వెళ్ళిపోయింది.

భాను నలభై ఏడో ముక్క మీద సెల్లు పెట్టింది. టింగుమంది.

బుధవారం అంతా వాన. దుమ్ముగూడెం ఎగువ నుంచి నీళ్ళు దిగుతున్నాయనీ, గోదావరి గంటగంటకూ పెరుగుతోందనీ మైకు ఆటో తిరిగింది. ఏటి నీళ్ళు ఊళ్ళోకి ఎగదన్నకుండా కరకట్ట తూములు మూసేశారు. తూములు మూస్తే ఊరి నీళ్ళు బయటికి పోవు, ఇసుకవాడ వెనక నాలాలో నిలుస్తాయి. ఇది అందరికీ తెలిసిందే.

సాయంత్రం అనిల్‌కుమార్ పనివాళ్ళందరినీ ఆఫీసుకు పిలిచాడు. స్క్రీను గోడంత ఉంది. దాని మీద పట్టణమంతా చుక్కలు. యాప్‌లో కొత్త బటన్ వచ్చిందనీ, ఇల్లు ఖాళీ చేసి మనుషులు వెళ్ళిపోయాక బిళ్ళ స్కాన్ చేసి 'ఖాళీ అయింది' అని నొక్కాలనీ చెప్పాడు. పడవలు రెండే ఉన్నాయి. అవి ఎక్కడికి పోవాలో ఈ చుక్కలను చూసే పైవాళ్ళు నిర్ణయిస్తారు. పచ్చ ఇంటికి పడవ రాదు. ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పాడు. భాను ఏడు నెలల పాపను భుజాన వేసుకొని గోడకు ఆనుకొని విన్నది. స్క్రీను వెలుగు పాప కళ్ళలో పడుతుంటే అది నవ్వుతూ చేతులు చాపింది.

గురువారం పొద్దున్నే కరెంటు తీసేశారు. ఇసుకవాడలోకి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. మంచాలు, బియ్యం డబ్బాలు, కోళ్ళగంపలు, దేవుడి పటాలు. జనం ఎక్కుతుంటే భాను ఇంటింటికీ పోయి తలుపు లోపలికి తొంగిచూసి, ఎవరూ లేరనుకున్నాక స్కాన్ చేసింది. పై వరస ఇళ్ళు మధ్యాహ్నానికి అయిపోయాయి. నాలా వైపు పదిహేను ఇళ్ళు మిగిలాయి. అక్కడ నీళ్ళు మోకాళ్ళు దాటాయి. అడుగు వేస్తే కింద ఏముందో తెలియదు. నిన్ననే ఎవరో ఆ నాలా మీది బండలు తీశారు.

ఆమె బోరింగు గట్టు దాకా వచ్చి ఆగింది. గట్టు నీళ్ళలో ఉంది. అక్కడ్నుంచి చూస్తే ఇళ్ళన్నీ కనిపిస్తున్నాయి. కొన్నిటికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కొన్నిటికి తాళాలు. జంపక్క ఇంటికి బయట నుంచి తాళం. పొద్దున ట్రాక్టరు దగ్గర జంపక్క టిఫిను డబ్బా పట్టుకొని నిలబడటం ఆమె కళ్ళారా చూసింది. అయినా ఆ ఇళ్ళను కేకేసి పిలిచింది. వాన చప్పుడులో తన గొంతే తనకు సరిగ్గా వినబడలేదు.

ఫోను మోగింది. నాలుగింటికి పైవాళ్ళతో వీడియో మీటింగు ఉంది, నీ ఏరియాలో ఇంకా పదిహేను ఎర్రలు ఉన్నాయి, ఏం చేస్తున్నావని అనిల్‌కుమార్ అడిగాడు. నీళ్ళున్నయ్ సార్, పోలేకున్నా అంది. తాళాలు ఉన్నాయా లేవా, అన్నాడు. ఉన్నాయంది. మరి తాళమేసిన ఇంట్లో మనిషి ఉంటాడా భానూ, అన్నాడాయన. నీ పని నువ్వు ఎట్ల చేస్తవో నాకు తెలువదనుకున్నవా, చెయ్యి.

పుస్తకం సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

చున్నీ కింద వానకు తడవకుండా దాచిన పుస్తకం తీసింది. అన్నం మెతుకులు నాని ముక్కలు ఊడివస్తున్నాయి. ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకొని స్కాన్ చేసింది. ఖాళీ అయింది. ఖాళీ అయింది. నలభై ఏడు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియలేదు. నొక్కింది.

నాలుగింటికి ముందే ఇసుకవాడ మొత్తం పచ్చబడింది.

సాయంత్రం పునరావాసం పెట్టిన హైస్కూలుకు పాల ప్యాకెట్లు పంచడానికి పోతుంటే, దారికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర జంపక్క కనిపించింది. టిఫిను డబ్బా చంకలో ఉంది. కానిస్టేబులు ఆమెతో ఓపికగానే మాట్లాడుతున్నాడు. లోపల ఎవ్వరూ లేరు, స్క్రీన్ల చూసుకున్నరు, నువ్వు పోయి పండుకుంటవా అవ్వా, అంటున్నాడు. జంపక్క తన మేకలు ఉన్నాయంటోంది. మేకల కోసం ప్రాణం పోగొట్టుకుంటవా అని ఆయన నవ్వాడు.

భాను ఆమె చెయ్యి పట్టుకొని స్కూలు వైపు నడిపించింది. రేపు నీళ్ళు తీస్తయ్ పెద్దమ్మా, మేకలు గట్టెక్కుతయ్ అని ధైర్యం చెప్పింది. జంపక్క చెయ్యి మంచులా ఉంది. స్కూలు వరండా దగ్గర ఆమె ఆగింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. వరండా నిండా చాపలు. చాపల మీద ముక్కూ మొహం తెలియని మనుషులు.

"నా తాన మేకలు లేవని నీకు తెలుసు గదా బిడ్డా," అంది చివరికి, చాలా మెల్లగా.

భానుకు పాలు పంచే పని ఉంది. ముసలామె మతి తప్పిందనుకుంది. అట్లా అనుకోవడమే సులువు.

ఆ రాత్రి మైకు ఆటో అడుగులు చెబుతూనే ఉంది. అడుగు పెరిగినప్పుడల్లా భాను లేచి కూర్చుంది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసింది. భర్త పవన్ మణుగూరులో బొగ్గు లారీ మీద ఉన్నాడు. దార్లు తెగాయని, రావడానికి రెండు రోజులు పడుతుందని చెప్పాడు. ఎందుకు నిద్ర పట్టడం లేదో ఆమె అతనికి చెప్పలేదు. ఆమెకే తెలియదు.

శుక్రవారం తెల్లవారింది. పాపకు జలుబు చేసింది. అత్త ఆదెమ్మ వాకిట్లో కూర్చొని కొబ్బరినూనెలో కాచడానికి వెల్లుల్లి ఒలుస్తోంది. పొట్టు గాలికి ఇంట్లోకి కొట్టుకొచ్చింది. భాను చీపురు తీసుకుంది.

"గింత పొట్టుకే గునుస్తున్నవ్," అంది ఆదెమ్మ. "నువ్వు బాలింతప్పుడు గంపెడు వెల్లుల్లి ఒలిచిన. వావిలాకు కోసం ఏటిగడ్డ దాకా నడిచిన. యాదికున్నదా?"

చీపురు ఆగింది.

మంగళవారం బకెట్టు కళ్ళ ముందు నిలిచింది. ఉడికించిన వావిలాకు. మోకాళ్ళకు కాపడం పెట్టే ఆకు పిడికెడు చాలు. బకెట్టు నిండా ఎందుకుంది? వెల్లుల్లి పొట్టు దోసెడు. పళ్ళు లేని జంపక్క వెల్లుల్లి ఎట్లా తింటుంది? సాంబ్రాణి పొగ. చేరవేసిన తలుపు. బకెట్టు అడుగున పాత చీర పీలికలు కూడా ఉన్నాయి, తాను చూసింది, పొడి చెత్తలో వేసింది.

జంపక్క బిడ్డ బాలి. అడవి అవతలి గూడెంలో ఇచ్చారు. నెలలు నిండుతున్నాయని శ్రావణం మొదట్లో జంపక్కే చెప్పింది. పురిటికి ఇక్కడికే వచ్చి ఉంటుంది, పురిటి మనిషిని పదిమందిలో పడుకోబెట్టరు. స్కూలుకు తోలుకుపోతారన్న భయంతో, ట్రాక్టరు వాళ్ళు తలుపు తట్టకుండా బయట తాళం వేసి, గంటలో వద్దామని అన్నానికి, పాలకు బయటికి వచ్చి ఉంటుంది. ఇంతలో నీళ్ళు అడ్డం తిరిగాయి.

ఆ ఇంటిని తాను ఖాళీ అని నొక్కింది.

"అత్తమ్మా, పాపను చూడు," అంది. పుస్తకం చంకన పెట్టుకొని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి నడిచింది.

అనిల్‌కుమార్ ఆఫీసు మెట్ల మీద టీ తాగుతున్నాడు. రాత్రంతా నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి. ఆమె చెప్పింది విన్నాడు. గ్లాసు పక్కన పెట్టాడు. నువ్వు చూసినవా అని అడిగాడు. చూడలేదంది. మరి ఎట్ల తెలుసు? చెత్తను చూసి తెలిసిందంది.

"చెత్తను చూసి," అన్నాడు. "పైకి ఇదే చెప్పమంటవా? పచ్చను ఎర్ర చెయ్యాలంటే కారణం రాయాలె. ఎవ్వరు లేరని నిన్న రాసినం, ఇయ్యాల ఉన్నరని రాస్తే నిన్న ఎట్ల స్కాన్ చేసిన్రని అడుగుతరు. అప్పుడు ఏం చెప్తవ్?"

"పుస్తకం ఉందని చెప్త సార్."

"నీ నౌకరి పోతది. నాది పోతది." ఆయన గొంతు తగ్గించాడు. "నాకు సుత ఇద్దరు పిల్లలు భానూ. జంపక్క నోటితోని చెప్పనియ్యి ముందు. పది గంటలకు ఆఫీసరు వస్తడు, అప్పుడు చూద్దాం."

లోపల స్క్రీను కనిపిస్తోంది. ఇసుకవాడ పచ్చగా, చక్కగా, పొలంలా ఉంది. మూల ఒక గడియారం, కింద గోదావరి ఎన్ని అడుగులో చూపే అంకె. ఆమె చూస్తుండగానే ఆ అంకె మారింది.

పది గంటల దాకా ఆగితే చాలు, తప్పు తనది కాదు. సార్ చెప్పాడు కదా. ఆ ఆలోచన రాగానే ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

స్కూల్లో జంపక్క వరండా చివర స్తంభానికి ఆనుకొని ఉంది. రాత్రి నుంచి ఏమీ ముట్టలేదని పక్కావిడ చెప్పింది. డబ్బాలో అన్నం అట్లాగే ఉంది. భాను ఎదురుగా కూర్చొని, ఎన్ని దినాల బాలింత పెద్దమ్మా, అని అడిగింది.

జంపక్క చెయ్యి ఎత్తింది. నాలుగు వేళ్ళు చూపించింది. తర్వాత బొటనవేలు కూడా తెరిచి, మళ్ళీ ముడిచింది. ఇవాళ్టితో అయిదా నాలుగా అనేది ఆమెకు తేలడం లేదు.

బాలి దగ్గర ఫోను లేదా అంటే, రొంటిన ముడేసిన టచ్ ఫోను తీసింది. కరెంటు లేక ఛార్జింగు పోయిందని, స్కూల్లో పెట్టుకొద్దామని తానే తెచ్చింది, ఛార్జింగు ఎక్కింది కూడా. ఆ ఫోను ఇక్కడుంది. బాలి అక్కడుంది.

భాను ఆ ఫోనును చేతిలో తిప్పింది. అప్పుడు తట్టింది. బిళ్ళను పనివాళ్ళే కాదు, ఇంటివాళ్ళు కూడా స్కాన్ చెయ్యవచ్చు. ఫిర్యాదు చెయ్యడానికి. తనకు పడిన రెండు ఎర్రల తర్వాత ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఫిర్యాదు పడితే ఇల్లు ఆ క్షణమే ఎర్రబడుతుంది. ఆఫీసులో ఎవరూ ఆపలేరు. వెంటనే పైనుంచి ఫోను వస్తుంది.

పుస్తకం తెరిచింది. నలభై ఏడో ముక్క తడికి ముడుచుకుపోయింది. స్కూలు బండ మీద పెట్టి బొటనవేలితో సాపు చేసింది. బాలి ఫోను దాని మీదికి వంచింది. గళ్ళు తీసుకోలేదు. మళ్ళీ వంచింది. కొంగుతో తడి అద్ది మూడోసారి వంచింది. తీసుకుంది.

మూడు ఫిర్యాదులే ఉన్నాయి. వీధి దీపం వెలగలేదు. కుక్కల బెడద. చెత్త తీసుకుపోలేదు. ఇంట్లో మనిషి ఉంది అనేది లేదు. ఆమె మూడోది నొక్కింది. 'సంబంధిత సిబ్బంది' అని తన పేరు, చిన్న ఫొటో వచ్చాయి. పొద్దున అయిదున్నరకు హాజరు కోసం తీసిన ఫొటో అది, జుట్టు రేగి ఉంది. కింద 'పంపించాలా?' అని ఉంది.

మూడో ఎర్ర.

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన రోజు కూడా ఇట్లాగే ఒక వరండాలో నిలబడింది. ఎందుకో అది గుర్తొచ్చింది. నొక్కింది.

పావుగంటకు ఫోను మోగింది. మొదట జంపక్క ఎత్తనన్నది. భాను స్పీకరు పెట్టి ఆమె నోటి దగ్గర పట్టుకుంది. ఒక ఆడగొంతు, మీరు ఫిర్యాదు చేసిన ఇల్లు ఖాళీ అయినట్టు ఉంది, మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు అని అడిగింది. జంపక్క గొణిగింది. వినబడటం లేదు, గట్టిగా చెప్పండమ్మా, అంది గొంతు.

వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. జంపక్క కళ్ళు మూసుకుంది.

"నా బిడ్డ బాలింత. ఇంట్ల ఉన్నది. తాళం నేనే ఏసిన."

ఫోనులో గొంతు జల్దీ జల్దీగా ప్రశ్నలు వేసింది. ఇల్లు ఏ వైపు, గుమ్మం ఎటు, పెంకులా రేకులా, లోపల అటక ఉందా. భాను అన్నిటికీ జవాబు చెప్పింది. అరవై రెండు ఇళ్ళలో ఏ ఇంటికి ఏముందో ఆమెకు తెలుసు. ఆ పని అయ్యాక చూస్తే, మూలన ఉన్న ఒకావిడ తన చాప చుట్టేసి, గాలి తగలని ఆ మూలను ఖాళీ చేస్తోంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

తాడు దగ్గర నిలబడ్డారు. పడవ మోటారు చప్పుడు వినిపించి దూరమైంది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఎంతసేపో భాను ఫోనులో చూసుకోలేదు. జంపక్క తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆ చెవి ఆమె అరచేతిలో గాటు పెట్టింది. పడవ వాళ్ళకు ఇవ్వాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పడవ మలుపు తిరిగి వచ్చినప్పుడు ముందు కనిపించింది చాట. బాలి కాళ్ళు ముడుచుకొని కూర్చొని, ఒళ్ళో చాట పెట్టుకుంది. చాట మీద పాత చీర కప్పి ఉంది. ఆ చీర కదలడం లేదు. భాను కళ్ళు ఆ చీర మీదే ఉన్నాయి. ఆమె రొమ్ముల్లో పాలు చేపుకొచ్చి రవిక తడిసింది.

పడవ ఒడ్డుకు తగిలి కుదిపింది. చాటలోంచి పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడుపు వచ్చింది.

పెంకులు తీసి దింపామని పడవాయన చెప్పాడు. అటక మీద కూర్చుంది, ఇంకో జానెడు పెరిగితే అటక కూడా మునిగేది. రాత్రంతా అరిచానని బాలి అంది. ఆమె గొంతు పోయింది, మాట గాలిలా వస్తోంది. జంపక్క బిడ్డను తాకలేదు. చాట అంచును మాత్రం రెండు చేతులతో పట్టుకొని స్కూలు దాకా పక్కపక్కనే నడిచింది.

మూలన బాలిని పడుకోబెట్టాక, ఎవరో వేడినీళ్ళు తెచ్చారు. భాను పసిగుడ్డు తల తుడుస్తుంటే ఆమె సెల్లు కొట్టుకుంది. అనిల్‌కుమార్. ఎత్తలేదు. మళ్ళీ కొట్టుకుంది. మూడోసారి కొట్టుకోలేదు. కాసేపటికి యాప్ తెరిస్తే పాస్‌వర్డు తప్పని వచ్చింది. అదే పాస్‌వర్డు, పాప పేరు. రెండుసార్లు కొట్టి చూసి పక్కన పెట్టింది.

అప్పుడే బాలి ఫోను టింగుమంది. జంపక్క దాన్ని దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని, భానుకు ఇచ్చింది.

"ఏదో వచ్చింది బిడ్డా. పడవోళ్ళు మళ్ళ ఏమన్న అడుగుతున్నరేమో చూడు."

భాను అక్షరాలు కూడబలుక్కుంటూ మనసులోనే చదివింది. పెద్ద పెద్ద మాటలు. ఇంటి నంబరు నలభై ఏడు, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. సంబంధిత సిబ్బందిని విధుల నుంచి తొలగించడమైనది. మా సేవ మీకు నచ్చిందా? కింద అయిదు చుక్కలు, నొక్కమని.

"ఏం రాసిన్రు?"

"చెత్త తీసుకపోయిన్రట పెద్దమ్మా."

జంపక్క చాటలోని పసిదాని మీద ఈగ వాలకుండా కొంగుతో విసురుతూ నవ్వింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"గవ్వేం రాతలు బిడ్డా. ఎట్ల తీసుకపోతరు, నువ్వు ఈడనే ఉంటివి గదా."